మూడు ఆయిల్ పంపులు విరిచిన డ్రాగ్ కారు: ఒక ఇన్‌లైన్ సిక్స్ కేస్ స్టడీ

ఆయిల్ పంపు విరగడం వేరు, దాన్ని ఇంజినే విరగ్గొట్టడం వేరు. ఈ తేడాను నేను సమయానికి పట్టుకోలేకపోయిన కేసు ఇది. మొదట్లోనే పట్టుకుని ఉంటే ఒక బ్లాకు, ఒక క్రాంకు షాఫ్టు, కారు యజమాని డబ్బు, ఒక సీజను మిగిలేవి. అదే పొరపాటు మరొకరి షెడ్డులో జరగకూడదని, మా పుస్తకంలో రాసుకున్న కొలతలతో సహా ఇక్కడ పెడుతున్నాను.

నేను మెల్‌బోర్న్‌లో ఇంజిన్ మెషినింగ్, బిల్డింగ్ పని చేస్తాను. పని నేర్చుకున్నది మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో. అక్కడ మా షెడ్డుకు వచ్చే లారీ ఇంజిన్లలో చాలావరకు ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉన్నవే. ఇన్‌లైన్ సిక్స్ అనగానే ఇక్కడి కుర్రాళ్లకు టర్బో గుర్తొస్తుంది. నాకు చెయిన్ బ్లాకుకు నిలువుగా వేలాడుతున్న పొడవాటి క్రాంకు, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే షాఫ్టు, గుర్తొస్తుంది. గ్రైండింగ్ మెషిను మీదికి ఎక్కించే ముందు మా మేస్త్రి దాన్ని చిన్న సుత్తితో తట్టి వినేవారు. కంచులా మోగి, ఆ మోత కాసేపు నిలిస్తే మంచి క్రాంకు. దబ్బుమని అక్కడే ఆగిపోతే ఎక్కడో పగులు ఉన్నట్టు. ఈ కేసు చివరికి ఆ సుత్తి దగ్గరికే వచ్చింది.

యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఆయన ఎవరో తెలియజేసే వివరాలు, పోటీ క్లాసు, తేదీలు తీసేశాను. కొలతలను మార్చలేదు.

నేపథ్యం

కారు హోల్డెన్ కమడోర్, వీఎల్ మోడల్. ఆగిన చోటు నుంచి తిన్నని దారిలో కొద్ది దూరం ఎవరు ముందో తేల్చే డ్రాగ్ పోటీల్లో పరుగెత్తేది. 1986లో ఈ మోడల్ తెచ్చినప్పుడు హోల్డెన్ తన పాత సిక్స్‌ను పక్కనపెట్టి నిస్సాన్ ఆర్‌బీ30 ఇంజినును తీసుకుంది. 86 మి.మీ. బోరు, 85 మి.మీ. స్ట్రోకు, 2,962 సీసీ, హెడ్‌లో ఒకటే క్యామ్. స్కైలైన్ జీటీఆర్‌లో ఉండే ఆర్‌బీ26కు ట్విన్ క్యామ్ హెడ్ ఉంది, కానీ స్ట్రోకు 73.7 మి.మీ. మాత్రమే, మొత్తం 2,568 సీసీ. ఆర్‌బీ30 బ్లాకు మీద ఆర్‌బీ26 హెడ్ పెడితే ఆర్‌బీ26 కంటే దాదాపు 400 సీసీ అదనంగా వస్తుంది, గాలి పీల్చే శక్తీ తగ్గదు. ఆస్ట్రేలియాలో ఈ జోడింపు చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. ఈ కారులో ఉన్నదీ ఇదే.

దానికి ఒక పెద్ద టర్బో, ఇథనాల్ ఎక్కువగా ఉన్న ఈ85 ఇంధనం, రెండు గేర్ల పవర్‌గ్లైడ్ గేర్‌బాక్సు, వెనుక 9 అంగుళాల ఫోర్డ్ డిఫరెన్షియల్, అందులో 3.89 నిష్పత్తి (గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు 3.89 చుట్లకు చక్రం ఒక చుట్టు), 26 అంగుళాల, గాళ్లు లేని స్లిక్ టైర్లు. డ్రైవరుతో కలిపి 1,400 కిలోలు. క్వార్టర్ మైలును, అంటే 402 మీటర్లను, 9.6 సెకన్లలో ముగించి గంటకు 145 మైళ్ల వేగంతో ముగింపు గీత దాటేది. ఇక్కడి డ్రాగ్ స్ట్రిప్పుల మీద వేగాన్ని మైళ్లలోనే చెబుతారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

ఈ రెండు అంకెలనూ విడివిడిగా చదవాలి. ఇంజిను ఎంత శక్తి ఇస్తోందో చివరి వేగం చెబుతుంది. ఆ శక్తిలో ఎంత భాగం మొదటి వంద అడుగుల్లో నేలకు దిగిందో సమయం చెబుతుంది. 1,400 కిలోల కారు 145 మైళ్లు అందుకుందంటే ఇంజిను 600 కిలోవాట్ల దగ్గర ఇస్తోందని నా అంచనా. అంత శక్తికి 9.6 ఎక్కువ సమయం. కారు స్ట్రిప్పు మొదట్లో వెనుకబడి, చివర్లో ఇంజినును పైపైకి తిప్పి ఆ లోటు పూడ్చుకుంటోంది. ఈ సంగతి నాకు మొదటి రోజే కనిపించింది. పంపులతో దానికి సంబంధం ఉందని మాత్రం అప్పుడు తట్టలేదు.

యజమానికి కావలసింది 9 సెకన్ల లోపు ఒక్క పరుగు.

వచ్చిన సమస్య

నా దగ్గరికి వచ్చేసరికి ఈ ఇంజినులో రెండు ఆయిల్ పంపులు పోయి ఉన్నాయి. రెండూ వేరే చోట బిగించినవి. రెండుసార్లూ పరుగు ఆఖరులో, గీత దగ్గరపడే వేళ ఆయిల్ ప్రెషరు ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. రెండుసార్లూ బేరింగ్ షెల్స్ మార్చి, కొత్త పంపు వేసి పంపించారు. యజమాని నన్ను అడిగింది సూటిగా రెండు మాటలు. విరగని పంపు ఉందా? లేదంటే అందరిలా టొయోటా 2జేజెడ్‌కు మారిపోనా?

ఆర్‌బీ పంపు ఎలా తిరుగుతుందో ఇక్కడ చెప్పాలి. క్రాంకు ముందు కొసను మేము ముక్కు అంటాం. దాని మీద రెండు వైపులా చదునుగా చెక్కిన ముఖాలు ఉంటాయి. పంపు లోపలి గేరు సరిగ్గా వాటి మీద కూర్చుని క్రాంకుతో పాటు తిరుగుతుంది. పాత క్రాంకుల్లో ఆ ముఖాల వెడల్పు బాగా తక్కువ. గేరేమో లోహపు పొడిని అచ్చులో నొక్కి కాల్చి చేసినది. అలాంటి గేరు నిలకడైన భారాన్ని మోస్తుంది కానీ దెబ్బలకు తట్టుకోదు. ఆర్‌బీ చేసేవాళ్లందరికీ తెలిసిన బలహీనత కాబట్టి నేను కూడా నేరుగా దాని మీదికే వెళ్లాను.

మొదట చేసినది, చెడినది

క్రాంకు ముక్కు మీద పూర్తి వెడల్పున పట్టే కాలరు ఎక్కించి ముఖాలు చెక్కాను. పొడిలోహపు గేర్లు తీసి ఉక్కు దిమ్మ నుంచి చెక్కిన గేర్లు వేశాను. ఆర్‌బీ హెడ్‌లోకి ఆయిల్ అవసరానికి మించి ఎక్కుతుంది, కిందికి దిగే దారులేమో ఇరుకు. అందుకే హెడ్‌కు వెళ్లే రంధ్రాల్లో దారిని ఇరుకు చేసే రెస్ట్రిక్టర్లు పెట్టి, కింద ఆయిల్ నిలిచే సంప్‌ను పెద్దది చేసి లోపల అడ్డుపలకలు వెల్డు చేయించాను. ఇవన్నీ చేయవలసిన పనులే. ఇప్పుడు మళ్లీ ఆర్‌బీ కట్టినా ఇవి చేస్తాను.

ఆ తర్వాత క్రాంకు పుల్లీ నా చేతికి వచ్చింది. కంపెనీ డ్యాంపరు ఉండవలసిన చోట పాత షెడ్డు వాళ్లు తేలికైన అల్యూమినియం పుల్లీ పెట్టారు. రబ్బరు లేదు, బయటి వలయం లేదు, మొత్తం ఒకటే ముద్ద. చక్కగా చెక్కారు, నునుపుగా ఉంది. రనౌట్, అంటే తిరిగేటప్పుడు పక్కకు జరిగే వంకర, కొలిస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంజిను తేలిగ్గా తిరుగుతుందని చాలామంది దీన్ని వేస్తారు. నేనూ దాన్ని తుడిచి తిరిగి బిగించాను. ఈ కేసులో నా అసలు తప్పు అదే. బరువు తగ్గిందని చూశాను గానీ, తీసేసిన భాగం ఏ పని చేస్తూ ఉండేదో ఆలోచించలేదు.

పదకొండో పరుగులో మూడో పంపు పోయింది. మళ్లీ గీత దగ్గరే, 7,600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద. డ్రైవరు వెంటనే ఇంజిను ఆపేశాడు, అయినా ఒక కనెక్టింగ్ రాడ్ బేరింగ్ తిరిగిపోయింది.

ఇంజిను విప్పినప్పుడు పంపు గేరును మొదట చేతిలోకి తీసుకున్నది మా షెడ్డులో పనిచేసే తెలుగు కుర్రాడు. దీపం కింద పెట్టి చాలాసేపు తిప్పి చూశాడు. "అన్నా, ఈ మూల చూడండి. ఊరికే విరిగినట్టు లేదు, దంచినట్టు ఉంది" అన్నాడు. నిజమే. గేరు లోపలి ముఖం అంచు సుత్తితో వేలసార్లు కొట్టినట్టు అణిగి, మెరుస్తూ ఉంది. పగులు ఆ మూల నుంచే మొదలై పంటి అడుగు వరకు పాకింది. నేను అమర్చిన కాలరు మీద కూడా అవే గుర్తులు, రెండు వైపులా. ఒకే దిశలో తిరిగే క్రాంకు గేరును ఒకవైపే నెట్టాలి. రెండు వైపులా గుర్తులు ఉన్నాయంటే క్రాంకు ముక్కు తిరుగుతూనే ముందుకూ వెనక్కూ ఊగుతోందన్నమాట.

క్రాంకు చేస్తున్న పని

వరుసగా ఆరు సిలిండర్లు ఉన్న ఇంజినుకు ఉన్నంత మంచి సమతూకం చాలా ఇంజిన్లకు లేదు. మొదటి మూడు పిస్టన్లూ చివరి మూడూ అద్దంలో ప్రతిబింబంలా కదులుతాయి. ప్రైమరీ, సెకండరీ బలాలు రెండూ ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. అందుకే సీట్లో కూర్చున్న డ్రైవరుకు ఏ వణుకూ తెలియదు, మౌంట్లకూ తెలియదు. కానీ ఆరు సిలిండర్ల పొడవునా సాగిన క్రాంకు ఉక్కుదే అయినా ఒక స్ప్రింగు. ప్రతి పేలుడుకూ అది కొద్దిగా మెలిపడి వెనక్కి వస్తుంది. ఈ మెలి ఇంజిను బయటికి రాదు. డ్రైవరు ఒంటికి తెలియని కంపనం కాబట్టే ఇది ఇంత నష్టం చేస్తుంది.

ఫోర్ స్ట్రోక్ సిక్స్‌లో క్రాంకు ఒక చుట్టు తిరిగేలోగా మూడు పేలుళ్లు జరుగుతాయి. మెలిపడే క్రాంకు సహజ పౌనఃపున్యం 370 హెర్ట్జ్ అనుకుందాం. ఇంజిను 7,400 ఆర్‌పీఎం చేరితే సెకనుకు 123 చుట్లు, అంటే 370 పేలుళ్లు. ఊయల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అదే క్షణంలో తోసినట్టు అవుతుంది. వెనుక కొసన ఫ్లెక్స్ ప్లేటు, ఇంజిను శక్తిని ద్రవం ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టరు బరువు ఉంటుంది కనుక ఆ వైపు పెద్దగా కదలదు. ఊపంతా ముక్కు దగ్గర. పంపు కూర్చున్నదీ అక్కడే. కంపెనీ డ్యాంపరులో రబ్బరు మీద తేలే బయటి వలయం ఉన్నది ఈ ఊపును మింగడానికే. దాని స్థానంలో గట్టి పుల్లీ పెట్టినవారు ఇంజిను బరువుతో పాటు దాని రక్షణనూ తీసేశారు.

ఇదంతా ఊహగా వదిలేయకూడదని ఇంజిను కంప్యూటరు అయిన ఈసీయూలో దాచిన పాత పరుగుల రికార్డులు తెరిచాం. ఈ కారుకు క్రాంకు వేగాన్ని చదివే పళ్ల చక్రం ముక్కు వైపే ఉంది. ట్రిగ్గర్ లోపాలను, అంటే ఆ చక్రం లెక్క తప్పినట్టు నమోదైన సందర్భాలను, ఆర్‌పీఎం వారీగా విడదీస్తే 7,000 లోపు దాదాపు ఏవీ లేవు. 7,300 నుంచి 7,600 మధ్య గుంపుగా ఉన్నాయి. ఇంతకుముందు వాటిని సెన్సరు వైరింగ్ లోపమని కొట్టిపారేశారట. సెన్సరు తప్పు చెప్పలేదు, చక్రమే ఊగుతోంది.

ఇప్పుడు మొదటి రోజు చూసిన అంకెలకు అర్థం దొరికింది. 26 అంగుళాల టైరు, 3.89 నిష్పత్తి, కన్వర్టరు జారుడు (ఇంజిను కంటే గేర్‌బాక్సు వైపు వెనుకబడే మేర) 5 శాతం కలిపి లెక్క వేస్తే 145 మైళ్ల దగ్గర ఇంజిను 7,700 చుట్లు తిరుగుతోంది. టాప్ గేరులో 7,200 నుంచి 7,700కు చేరడానికి దాదాపు ఒక సెకను. ప్రతి పరుగులోనూ ఈ కారు ఆ ఒక్క సెకను ప్రమాదకరమైన బ్యాండులో గడుపుతోంది, అదీ పూర్తి బూస్టుతో, అంటే టర్బో నెట్టే గాలి పీడనం పూర్తిగా ఉన్నప్పుడు. ఒక సెకను అంటే 370 దెబ్బలు. మూడు పంపులూ గీత దగ్గరే ఎందుకు పోయాయో ఇక అడగనక్కరలేదు.

క్రాంకును చెయిన్ బ్లాకుకు వేలాడదీసి తట్టాను. మోగలేదు. అయస్కాంతపు పొడితో పరీక్ష చేయిస్తే ఆరో రాడ్ జర్నల్ (క్రాంకు మీద కనెక్టింగ్ రాడ్ కూర్చునే చోటు) వంపు దగ్గర సన్నని గీత బయటపడింది. కదలిక ముందు కొసన ఎక్కువైతే మెలి ఒత్తిడి వెనుక కొసన ఎక్కువ. పగులు ఉండవలసిన చోటే ఉంది. బ్లాకులో ఒక మెయిన్ బేరింగ్ గోడకూ పగులు వచ్చింది. డ్యాంపరు మార్చి అదే ఇంజినును కాపాడే దశ దాటిపోయింది.

ఏ ఇంజిను?

ముగ్గురు అభ్యర్థులు ఉన్నారు. మరో ఆర్‌బీ30, యజమాని అడిగిన 2జేజెడ్, ఫోర్డ్ బారా.

2జేజెడ్ గురించి నాకు ఎంతో గౌరవం ఉంది. 86 మి.మీ. బోరు, 86 మి.మీ. స్ట్రోకు, 2,997 సీసీ. పోత ఇనుప బ్లాకు, ఏడు మెయిన్ బేరింగులు, పైముఖం మూసి ఉన్న డెక్కు. విడిభాగాలు ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతాయి. కానీ ఈ కేసుకు అది జవాబు కాదు. దాని సామర్థ్యం కూడా 3 లీటర్లే. కావలసిన శక్తి కోసం దాన్నీ అంతే పైకి తిప్పాలి. దాని ఆయిల్ పంపు ఉన్నదీ క్రాంకు ముక్కు మీదే. మంచి కంపెనీ ఇంజినుకు మారితే జబ్బు పోతుందన్న నమ్మకాన్ని యజమానికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

బారాను ఫోర్డ్ ఆస్ట్రేలియా జీలాంగ్‌లో 2002 నుంచి 2016 వరకు తయారుచేసింది. 92.26 మి.మీ. బోరు, 99.31 మి.మీ. స్ట్రోకు, 3,984 సీసీ, పోత ఇనుప బ్లాకు, ట్విన్ క్యామ్ 24 వాల్వుల అల్యూమినియం హెడ్. 2002లో వచ్చిన ఫాల్కన్ టర్బోలో అది 240 కిలోవాట్లు ఇచ్చేది. ఎన్నో కుటుంబాలు వాడిన కారు ఇంజిను కాబట్టి ఇక్కడి పాత కార్ల యార్డుల్లో ఇప్పటికీ దొరుకుతుంది.

యజమాని ముందు కాగితం మీద ఈ లెక్క వేశాను. 9 సెకన్ల లోపు రావాలంటే సుమారు 650 కిలోవాట్లు కావాలి. 3 లీటర్ల ఆర్‌బీతో దాన్ని 7,500 దగ్గర తీయాలంటే 828 న్యూటన్ మీటర్ల టార్కు ఉండాలి. సిలిండర్లలో సగటు పీడనం 35 బార్ల దగ్గరికి వెళుతుంది. 4 లీటర్ల బారాతో 6,300 దగ్గరే తీస్తే టార్కు 985 న్యూటన్ మీటర్లకు పెరుగుతుంది, అయినా సగటు పీడనం 31 బార్లే. వేగమూ తగ్గింది, పీడనమూ తగ్గింది. కొలతలు పెరిగినందుకు దొరికే లాభం ఇది.

నష్టాలు కూడా అదే కాగితం మీద రాశాను. స్ట్రోకు పెరిగితే మెయిన్ జర్నల్, రాడ్ జర్నల్ ఒకదాని మీద ఒకటి వచ్చే మేర తగ్గుతుంది, క్రాంకు బిరుసుకు అది మంచిది కాదు. పిస్టన్ వేగంలో లాభమేమీ లేదు: ఆర్‌బీ 7,700 దగ్గర సెకనుకు 21.8 మీటర్లు, బారా 6,700 దగ్గర 22.2. ఇంజిను ఎత్తు ఎక్కువ, ముందు ఇరుసు మీద బరువు పెరుగుతుంది. బారా పంపు గేర్లు కూడా విరుగుతాయని ఇక్కడి బిల్డర్లందరికీ తెలుసు. అంటే బారాకు కూడా అదే జబ్బు ఉంది, కాకపోతే ప్రమాదకరమైన వేగాల దాకా దాన్ని తీసుకువెళ్లే అవసరం మనకు ఉండదు. కాగితాన్ని రెండుసార్లు చదివి యజమాని బారాకే ఒప్పుకున్నారు.

కట్టిన తీరు

యార్డు నుంచి రెండు టర్బో ఇంజిన్లు తెచ్చాం. అల్ట్రాసౌండ్‌తో సిలిండరు గోడల మందం కొలిచి, పిస్టన్ ఒరిగే వైపు గోడ మందంగా ఉన్న బ్లాకును ఎంచుకున్నాం. నీటి దారుల కింది సగాన్ని గ్రౌట్‌తో నింపాం. పరుగు పది సెకన్లు కూడా ఉండదు కాబట్టి పై సగంలో ఉన్న నీరు చాలు. ఇది బోరింగ్‌కు ముందే జరగాలి. గ్రౌట్ గట్టిపడేటప్పుడు బోర్లు కొద్దిగా కదులుతాయి.

హోనింగ్, అంటే బోరును సానరాళ్లతో సన్నగా అరగదీయడం, గురించి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే చాలామంది దాటవేసేది ఇక్కడే. కంపెనీ హెడ్ బోల్టులు సాగే రకం, వాటి బదులు స్టడ్లు వేశాం. స్టడ్లు గట్టిగా లాగినప్పుడు బోరు పై భాగం ఆకారం మారుతుంది. మా బ్లాకులో పైన ఏమీ బిగించకుండా కొలిస్తే అన్ని బోర్లూ 0.005 మి.మీ. లోపు గుండ్రంగా ఉన్నాయి. హెడ్‌కు బదులు మందమైన డెక్ ప్లేటు పెట్టి, అవే స్టడ్లు, అదే గ్యాస్కెట్, అదే టార్కుతో బిగించి మళ్లీ కొలిస్తే పై అంగుళంలో 0.03 మి.మీ. వంకర వచ్చింది. రింగు బతకవలసింది ఆ బిగించిన బోరులోనే. కాబట్టి ప్లేటు బిగించి ఉంచే హోనింగ్ చేశాం. ప్లేటు తీసేశాక బోర్లు వంకరగా కనిపించాయి, హెడ్ ఎక్కాక గుండ్రంగా మారాయి. డయల్ గేజి ముల్లు ఒక చుట్టు మొత్తం తిరిగినా కదలకుండా నిలబడినప్పుడు మా కుర్రాడి ముఖంలో కలిగిన ఆశ్చర్యం నాకు ఇంకా గుర్తుంది.

ఫోర్జుడ్ రాడ్లు, పిస్టన్లు, పై రింగు గ్యాపు 0.55 మి.మీ. బేరింగ్ ఖాళీని జర్నల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు చొప్పున పెట్టాం. వీటిలో కొత్తేమీ లేదు.

డ్యాంపరు ఎంపికకు రెండు వారాలు తీసుకున్నాను. రబ్బరు వలయం ఉన్నది ఒక నిర్దిష్ట పౌనఃపున్యానికి శ్రుతి చేసినది. మనం రాడ్లు, పిస్టన్లు మార్చినప్పుడు క్రాంకు శ్రుతి కూడా మారుతుంది. కొత్త శ్రుతి ఎంతో కొలిచే పరికరం నా దగ్గర లేదు. అందుకే లోపల చిక్కటి సిలికాన్ ద్రవంలో బరువైన వలయం తేలే రకాన్ని ఎంచుకున్నాను. ఏదో ఒక వేగం దగ్గర కాకుండా చాలా వేగాల్లో అది పనిచేస్తుంది. మీ కారులో రబ్బరు రకం ఉంటే, లోపలి హబ్బు నుంచి బయటి వలయం దాకా పెయింటుతో ఒక గీత గీయండి. ఆ గీత ఎప్పుడైనా రెండుగా విడిపోయి కనిపిస్తే రబ్బరు పట్టు వదిలేసినట్టే.

పంపులో ఉక్కు గేర్లు వేశాం. బెల్టుతో బయట తిరిగే డ్రై సంప్ పంపు పెట్టమని మిత్రులు సలహా ఇచ్చారు. అది మంచి ఏర్పాటే. కానీ పంపును ముక్కు నుంచి తప్పించినంత మాత్రాన క్రాంకు మెలిపడటం ఆగదు, మనకు కనబడటం ఆగుతుంది. ముందు మెలిని అదుపు చేసి, ఖర్చు గురించి తర్వాత ఆలోచిద్దామన్నాను. ఇంజిను వేగం మించకుండా ఆపే లిమిటరును 7,000 దగ్గర పెట్టి, వెనుక నిష్పత్తిని 3.89 నుంచి 3.25కు మార్చాం. బ్యాటరీని డిక్కీలోకి తరలించాం.

మళ్లీ రెండు చిక్కులు

మెల్‌బోర్న్‌కు ఉత్తరాన ఉన్న హీత్‌కోట్ స్ట్రిప్పు మీద మొదటి పరుగుల్లోనే కారు గీతకు ముందే లిమిటరు తాకింది. 148 మైళ్ల దగ్గర నా లెక్క ప్రకారం 6,600 లోపే ఉండాలి. రికార్డు చూస్తే కన్వర్టరు 14 శాతం జారుతోంది. 3 లీటర్ల ఇంజిను బూస్టు అందుకోవడానికి 5,200 దాకా జారేలా కట్టించిన పాత కన్వర్టరునే ఖర్చు తగ్గించడానికి ఉంచేశాం. ఈ ఇంజినుకు టార్కు చాలా ముందే వస్తుంది, అంత జారుడు అవసరం లేదు. 4,400కు తిరిగి కట్టించగానే జారుడు 5 శాతానికి వచ్చింది, స్ట్రిప్పు మొదట్లో పోతున్న సమయం కూడా చాలావరకు తిరిగొచ్చింది. ఇంజిను, కన్వర్టరు, డిఫరెన్షియల్ ఒకే నిర్ణయంలోని మూడు భాగాలని ముందే తెలిసి కూడా ఒకదాన్ని పాతదిగా వదిలేశాను.

రెండో చిక్కు తేలడానికి రెండు పోటీలు పట్టింది. బూస్టు 2 బార్లు దాటి, వేగం 6,000 దాటితే ఇంజిను తడబడేది. నిప్పురవ్వ ఆరిపోతోందనుకున్నాం. ప్లగ్గు గ్యాపు 0.7 నుంచి 0.5 మి.మీ.కు తగ్గించాం, కాయిల్స్ మార్చాం. ఏ తేడా లేదు. రవ్వ ఆరిపోవడమే కారణమైతే గ్యాపు తగ్గించినప్పుడు కొంతైనా మెరుగు కనిపించాలి. అది కనిపించలేదు కాబట్టి ఆ దారి వదిలేశాం. బూస్టును 0.3 బార్లు తగ్గించి అదే వేగానికి తీసుకెళితే తడబాటు పూర్తిగా పోయింది. గాలి ఒత్తిడికి లొంగే భాగం ఏది? ఇన్‌టేక్ వాల్వు. 35 మి.మీ. తల ఉన్న వాల్వు వెనుక 2 బార్ల బూస్టు ఉంటే సుమారు 20 కిలోల బలం దాన్ని తెరిచే వైపు నెడుతుంది.

స్ప్రింగులు గట్టివే వేశాం. మరి లోపం ఎక్కడ? హెడ్ విప్పి స్ప్రింగు కూర్చున్న ఎత్తు కొలిస్తే, ఉండవలసిన దానికంటే 0.8 మి.మీ. ఎక్కువగా ఉంది. సీట్లు తిరిగి కోసినప్పుడు వాల్వులు లోపలికి దిగి, కాడలు పైకి వచ్చాయి. మిల్లీమీటరుకు 60 న్యూటన్ల స్ప్రింగులో 0.8 అంటే 48 న్యూటన్లు, దాదాపు 5 కిలోల నొక్కుడు తగ్గినట్టు. సీట్లు కోశాక ఎత్తు తిరిగి కొలవలేదు, పెట్టె మీద రాసిన అంకెను నమ్మాం. ప్రతి స్ప్రింగు కింద కొలిచి షిమ్ములు (పల్చని వాషర్లు) వేశాం. తడబాటు ఆ రోజుతో ఆగింది.

ఆ తర్వాతి పోటీలో కారు 8.94 సెకన్లలో, 151 మైళ్ల వేగంతో పరుగు ముగించింది. గీత దగ్గర ఇంజిను 6,700. యజమాని ఆ టైమ్ స్లిప్పును చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు.

షెడ్డులో మార్చుకున్న పద్ధతి

పంపు విరిగిన ఏ ఇన్‌లైన్ సిక్స్ వచ్చినా ఇప్పుడు నేను ముందుగా పంపును చూడను. డ్యాంపరు ఏది, గీత దగ్గర ఆర్‌పీఎం ఎంత, ట్రిగ్గర్ లోపాలు ఏ వేగంలో గుంపు కడుతున్నాయి అన్న మూడు ప్రశ్నలు అడుగుతాను. గట్టి పుల్లీ ఉన్న సిక్స్‌ను ఎంత బతిమాలినా శక్తి కొలిచే డైనో మీదికి ఎక్కించను. కొందరు యజమానులు దీనికి కోపగించుకుని వెళ్లిపోయారు. అయినా ఆ నియమం మార్చను.

ఇంజిను ఎంపికలో మొదటి ప్రశ్న కూడా మారింది. ఎంత శక్తి కావాలి అన్నది ఎలాగూ అడుగుతారు. దానికి ముందు, ఈ టైరు, ఈ నిష్పత్తి, ఈ చివరి వేగంతో క్రాంకు ఎంత వేగంతో గీత దాటాలి అని కాగితం మీద లెక్క వేయిస్తాను. ఆ అంకె క్రాంకుకు నచ్చని బ్యాండులో పడితే సామర్థ్యం పెంచాలి, లేదా నిష్పత్తి మార్చాలి, లేదా వేగంగా ఆ బ్యాండును దాటిపోయేలా గేరు మార్పును జరపాలి. ఈ యజమాని దగ్గర డబ్బు పరిమితంగా ఉండి, బ్లాకు బాగుండి ఉంటే, అదే ఆర్‌బీకి మంచి డ్యాంపరు వేసి నిష్పత్తి మార్చమనే చెప్పేవాణ్ని. బారా మంచి ఇంజిను అయినందుకు మాత్రమే దాన్ని ఎంచుకోలేదు. కొత్త బ్లాకు ఎలాగూ కొనక తప్పలేదు.

38 పరుగుల తర్వాత, ఏ ఫిర్యాదూ లేకపోయినా, ఇంజినును విప్పి చూశాం. పంపు గేరు లోపలి ముఖాల మీద యంత్రం చెక్కిన సన్నని గీతలు ఇంకా చెరగలేదు. షెల్స్ బూడిదరంగులో సమంగా అరిగాయి. మూడో మెయిన్ పై షెల్ ఒక్కదానిలో చిన్న గీత కనిపించింది, ఆయిల్‌లో వచ్చిన మట్టి వల్ల. క్రాంకును చెయిన్ బ్లాకుకు ఎత్తి, కుర్రాడి చేతికే సుత్తి ఇచ్చాను. తట్టాడు. మోత ఆగేదాకా ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత కొత్త షెల్స్ వేసి అదే క్రాంకును తిరిగి బిగించాం.